అబ్రహాం లింకన్: అంతర్యుద్ధంలో అసలు మలుపు

యుద్ధ చరిత్రలో మనం సాధారణంగా గెలుపోటములనే లెక్కిస్తాము. లింకన్ జీవితం మరొక లెక్కను నేర్పుతున్నది.

1809లో కెంటకీలోని ఒక కొయ్య గుడిసెలో జన్మించిన లింకన్, స్వయంకృషితో చదివి న్యాయవాదియై, 1860లో అమెరికా అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. బానిసత్వ విస్తరణకు విరోధియైన అతని ఎన్నికను సహింపలేక దక్షిణ రాష్ట్రాలు విడిపోసాగాయి. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోటపై ఫిరంగులు మ్రోగాయి.

తొలుత దేశసమైక్యతయే లింకన్ యుద్ధలక్ష్యం. 1862 వేసవిలో బానిసల విముక్తి ప్రకటనను సిద్ధపరచినా, ఓటముల నడుమ వెలువరిస్తే బలహీనతగా తోచునని మంత్రి సివార్డ్ వారించగా వేచియున్నాడు. సెప్టెంబరు 17న ఆంటీటమ్ వద్ద ఒక్కరోజులోనే ఉభయపక్షాలలో సుమారు 23 వేలమంది మరణించడమో, గాయపడడమో, గల్లంతు కావడమో జరిగింది. దక్షిణ సేనాని లీ వెనుదిరిగినాడు. అయిదు రోజులకే లింకన్ తన నిర్ణయాన్ని లోకానికి తెలిపినాడు. 1863 జనవరి 1న ప్రకటన అమలులోకి వచ్చింది.

అది తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితమైనా, సమైక్యతాసమరం విముక్తిసమరంగా మారింది. సుమారు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తర సైన్యంలో చేరారు. ఆ జూలైలో గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్ విజయాలు లభించాయి. 1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయినాడు; ఆరు రోజులకే హంతకుని తూటాకు లింకన్ బలియైనాడు.

ఆంటీటమ్‌లో లభించినది అసంపూర్ణ విజయమే. దానిని మానవ స్వేచ్ఛకు వినియోగించడంలోనే అతని ఘనతను మనం దర్శించగలము.