జాన్ వెస్లీ హయట్

హారతి పళ్ళెంలో వెలిగే కర్పూరం అందరూ ఎరిగినదే. దాన్ని మూత లేకుండా ఉంచితే కొద్ది రోజుల్లోనే హరించిపోతుంది. నిలకడ లేని ఆ కర్పూరంతోనే ఏనుగు దంతంవంటి గట్టి పదార్థాన్ని తయారుచేసినవాడు హయట్.

ఆయన 1837 నవంబరు 28న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్టార్కీ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి కమ్మరి. హయట్ పదహారవ ఏట ఇల్లు విడిచి, అచ్చుకూటంలో పని నేర్చుకున్నాడు. కొంతకాలానికి ఆల్బనీ నగరంలో అదే వృత్తిలో కుదురుకున్నాడు. రసాయనశాస్త్రం ఆయన ఏ కళాశాలలోనూ చదవలేదు.

ఆ రోజుల్లో బిలియర్డ్స్ ఆటకు వాడే బంతులను ఏనుగు దంతంతో చేసేవారు. ఒక దంతం నుంచి మేలైన బంతులు కొన్నే వచ్చేవి. దంతానికి బదులు మరొక పదార్థాన్ని కనిపెట్టినవారికి పదివేల డాలర్లు ఇస్తామని 1863లో ఒక సంస్థ ప్రకటించింది. హయట్‌కు ఆశ కలిగింది. పగలు అచ్చుకూటంలో పనిచేస్తూ, రాత్రివేళల్లోనూ ఆదివారాల్లోనూ ప్రయోగాలు సాగించాడు. అన్న ఐజాయా ఆయనకు తోడుగా నిలిచాడు.

పత్తిని ఆమ్లాలతో శుద్ధిచేస్తే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం వస్తుంది. నిప్పు తగిలితే భగ్గుమనే గుణం దానిది. దానికి కర్పూరం పొడి కలిపి, అచ్చులో వేసి, వేడిచేస్తూ గట్టిగా నొక్కాలని సోదరులు తలపెట్టారు. వేడికి కరిగిన కర్పూరం నైట్రోసెల్యులోజ్‌ను తనలో కలుపుకుని ముద్దగా మారుస్తుంది. ఆ ముద్ద చల్లారితే గట్టిపడుతుంది.

వారి పనిని చూడవచ్చిన ఒక రసాయనశాస్త్ర పండితుడు హడలిపోయాడు. వేడి కాస్త ఎక్కువైతే మనుషులు, కట్టడం, ఇరుగుపొరుగు ఇళ్ళు అన్నీ లేచిపోతాయని హెచ్చరించాడు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. మరునాడు మధ్యాహ్నం పనివారంతా భోజనానికి వెళ్ళాక హయట్ ఒంటరిగా పరీక్షకు పూనుకున్నాడు. నాలుగు అంగుళాల మందం గల పలకను అడ్డంగా నిలిపి, దాని చాటున ఉండి, అచ్చును కావాలనే సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేశాడు. అచ్చు అతుకుల నుంచి బుసకొడుతూ వాయువులు వెలువడ్డాయి. గదినిండా ఘాటైన వాసన అలముకుంది. అంతకుమించి ఏమీ జరగలేదు. అచ్చు, యంత్రం, కట్టడం, హయట్ అన్నీ క్షేమం! ఇది సాహసమే అయినా, తనవారిని అపాయంలోకి లాగకుండా చేసిన సాహసం.

1870లో సోదరులిద్దరూ పేటెంటు పొందారు. ఆ పదార్థానికి సెల్యులాయిడ్ అని పేరు పెట్టినవాడు ఐజాయా. తరువాత కర్మాగారం నెవార్క్ నగరానికి మారింది. అక్కడ ముద్దను పెద్ద దిమ్మెలుగా నొక్కి, పదునైన కత్తితో పలుచని రేకులుగా కోసి, ఆరబెట్టేవారు. ఆరిన రేకును వేడినీటిలోనో ఆవిరిలోనో ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు అచ్చులో నొక్కి చల్లార్చితే ఆ ఆకారమే నిలిచిపోతుంది. బొమ్మలు చేసే పద్ధతి మరీ చిత్రమైనది. రెండు రేకులను రెండు అచ్చు చిప్పల నడుమ ఉంచి, రేకుల మధ్యకు ఆవిరిని ఊదేవారు. మెత్తబడిన రేకులు ఉబ్బి అచ్చు గోడలకు అంటుకునేవి, అంచులు అతుక్కునేవి. లోపల బోలుగా ఉండే బొమ్మ తయారయ్యేది. దువ్వెనలు, చొక్కా కాలర్లు, కత్తిపిడులు కూడా ఈ రేకులతోనే చేశారు.

లోపాలూ లేకపోలేదు. సెల్యులాయిడ్‌తో చేసిన కట్టుడుపళ్ళ అమరిక వేడికి సడలేది. నోటికి కర్పూరం రుచి తగిలేది. నిప్పు భయం ఎన్నడూ తీరలేదు. పేటెంటు విషయంలో ఇంగ్లండుకు చెందిన డేనియల్ స్పిల్‌తో వ్యాజ్యం 1884 వరకు నడిచింది. ఇంగ్లండులోనే అలెగ్జాండర్ పార్క్స్ ఇటువంటి పదార్థాన్ని అంతకుముందే తయారుచేశాడని అందులో తేలింది. అయినా దాన్ని సక్రమంగా మలిచి, విరివిగా తయారుచేసే దారి చూపిన ఘనత హయట్‌దే.

చెరకు గానుగ, నీటిని వడకట్టే సాధనం, రోలర్ బేరింగు వంటివి కూడా ఆయన రూపొందించాడు. 1914లో రసాయనశాస్త్రంలో పెర్కిన్ పతకం అందుకున్నాడు. 1920 మే 10న మరణించాడు. ఆ తరువాత చాలాకాలం చలనచిత్రాలు సెల్యులాయిడ్ ఫిల్ముపైనే తీశారు. టేబుల్ టెన్నిస్ బంతిని మాత్రం 2014 వరకు పెద్ద పోటీలలో సెల్యులాయిడ్‌తో చేసినదే వాడారు. రేకు నుంచి గుండ్రని బిళ్ళలు కోసి, మెత్తబరచి, చిప్పలుగా నొక్కి, రెండేసి చిప్పలను అతికి ఆ బంతులను చేసేవారు.