గంధకపు కటకంతో బోస్ చేసిన ప్రయోగాలు

కటకం అనగానే గాజు గుర్తుకొస్తుంది. జగదీశ్ చంద్ర బోస్ మాత్రం గంధకంతోనూ కటకం తయారుచేశారు. పోతపోసిన గంధకపు ముద్దలోంచి మన కంటికి ఏమీ కనిపించదు. విద్యుత్ తరంగాలు మాత్రం దానిలోంచి వంగి ప్రయాణించి ఒక చోట చేరతాయి.

1858లో తూర్పు బెంగాల్‌లో పుట్టిన బోస్ కేంబ్రిడ్జిలో చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడిగా చేరారు. యూరోపియన్లకన్నా తక్కువ జీతం ఇవ్వడంతో మూడేళ్లపాటు జీతం తీసుకోకుండానే పాఠాలు చెప్పారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చి బకాయిలతో సహా పూర్తి జీతం ఇచ్చింది. పరిశోధనకు సరైన ప్రయోగశాల మాత్రం లేదు. ఓ చిన్న గదిలో, స్థానిక పనివాడి సాయంతో పరికరాలు చేయించుకున్నారు.

అప్పటికే జర్మనీలో హెర్ట్జ్ విద్యుత్ తరంగాలూ కాంతిలాగే వంగుతాయని నిరూపించారు. అయితే ఆయన వాడిన తరంగాలు అర మీటరు దాటిన పొడవైనవి. అందుకే పట్టకం కూడా వందల కిలోల బరువుండేది. తరంగం కన్నా కటకం, పట్టకం బాగా పెద్దవిగా ఉంటేనే దారి స్పష్టంగా తెలుస్తుంది. బోస్ 1894లో మొదలుపెట్టి తరంగాల పొడవును మిల్లీమీటర్లలోకి కుదించారు. దాంతో ప్రయోగమంతా బల్ల మీదికి వచ్చింది.

ఆ తర్వాతి ప్రశ్న: ఏ పదార్థం ఈ తరంగాలను ఎంత వంచుతుంది? పదార్థాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, తరంగం బయటికి రాకుండా లోపలికే పరావర్తనం చెందే కోణాన్ని బోస్ కొలిచారు. గంధకం వక్రీభవన గుణకం సుమారు 1.7 అని తేలింది. గాజుది కాంతికి సుమారు 1.5 కాగా, ఈ తరంగాలకు 2 దాకా వచ్చింది. అంటే ఒకే గాజు కటకం ఈ తరంగాలను, కాంతిని కేంద్రీకరించే దూరంలో దాదాపు సగానికే చేర్చేస్తుంది. కాంతి లెక్కలతో కటకం చేస్తే గురి తప్పినట్టే. గాజులోని అయాన్లు కాంతి వేగవంతమైన కంపనాలను అందుకోలేవు, నెమ్మదైన కంపనాలకు మాత్రం కదులుతాయి. తేడా అక్కడే ఉంది.

1897లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బోస్ ఈ ప్రయోగాలను ప్రదర్శించారు. 1917లో సొంత పరిశోధనా సంస్థను స్థాపించి, 1937లో కన్నుమూశారు. ఈనాడు కార్ల రాడార్లలోనూ మిల్లీమీటర్ తరంగాలను కేంద్రీకరించడానికి ప్లాస్టిక్ కటకాలు వాడుతున్నారు. వాటిలో చాలావాటిలోంచీ కంటికి ఏమీ కనిపించదు.