షివాన్ అని పలకాలి

పోయిన సెలవుల్లో మా అక్కతో కలిసి డాక్టర్ జివాగో సినిమా చూశాను. మూడు గంటలు దాటే సినిమా, మధ్యలో రెండుసార్లు టీ పెట్టుకున్నాం. అందులో తల్లి పోయిన కుర్రాణ్ణి తన ఇంటికి తెచ్చుకుని పెంచే ఒక పెద్దావిడ ఉంటుంది. చిన్న పాత్ర. కానీ ఆవిడ గొంతు నన్ను వదల్లేదు. ఎవరా అని వెతికితే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు కనిపించింది. సియోభాన్ మెక్‌కెన్నా అని చదువుకున్నాను. మూడు రోజులు అలాగే అనుకున్నాను. తర్వాత తెలిసింది, దాన్ని షివాన్ అని పలకాలని. ఐరిష్‌లో ఎస్, ఐ పక్కపక్కన వస్తే ష అవుతుంది, బి, హెచ్ కలిస్తే వ అవుతుంది. ఇంగ్లీషు రూల్స్ పెట్టుకుని ఇంకో భాష పేరు చదివితే రాంగ్ అవుట్‌పుట్ రాక ఏమొస్తుంది? తెలుగులో ఆ గొడవ లేదు. షివాన్ అని రాస్తే షివాన్ అనే చదువుతాం.

మన క్లబ్ వాళ్ళు ఈసారి ఎవరైనా ఒక ప్రముఖ వ్యక్తి జీవితం రాయమన్నారు. అందరూ సైంటిస్టుల మీద, స్టార్టప్ ఫౌండర్ల మీద రాస్తున్నారు. నేను ఈవిడ గురించి రాస్తున్నాను. ఎందుకో మధ్యలో చెప్తాను.

షివాన్ మెక్‌కెన్నా 1923 మే 24న బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది. అప్పటికి ఐర్లాండ్ రెండు ముక్కలై రెండేళ్ళే అయింది. బెల్‌ఫాస్ట్ బ్రిటన్ వైపు ఉండిపోయింది. వీళ్ళది ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోరుకున్న కుటుంబం. ఆవిడ చిన్నప్పుడే ఇల్లు పడమటి తీరంలోని గాల్వే ఊరికి మారింది, ఎందుకంటే తండ్రికి అక్కడి యూనివర్సిటీ కాలేజీలో లెక్కల ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ఐరిష్ మాట్లాడేవాళ్ళు. ఇది మామూలు విషయం కాదు. దేశంలో చాలామందికి అప్పటికే ఐరిష్ అంటే స్కూల్లో చదివే సబ్జెక్టు. అది ఇంకా జనం నోట్లో ఉన్నది గాల్వే పక్కన ఉండే కానెమారా లాంటి పడమటి పల్లెల్లోనే. అంటే ఈవిడకి ఒక పక్క లెక్కల ప్రొఫెసర్ ఇల్లు, ఇంకో పక్క చేపలు పట్టేవాళ్ళ, రైతుల భాష, రెండూ దొరికాయి.

గాల్వేలో 1928లో తైవ్యార్క్ అని ఒక నాటకశాల మొదలైంది. ఐరిష్‌లో మాత్రమే నాటకాలు వేసే చోటు. దాన్ని నిలబెట్టిన వాళ్ళలో మీహాల్ మాక్ లియమోర్ అనే నటుడు ఉన్నాడు. తమాషా ఏంటంటే ఆయన నిజానికి లండన్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు, అసలు పేరు ఆల్‌ఫ్రెడ్ విల్‌మోర్. ఐరిష్ నేర్చుకుని, పేరు మార్చుకుని, జీవితాంతం ఐరిష్‌వాడిగానే బతికాడు. భాష ఒకళ్ళ సొంతం ఎలా అవుతుంది అని డిబేట్ పెడితే నేను ఈయన్నే తెస్తాను. సరే, షివాన్ కాలేజీ రోజుల్లో నటించడం మొదలుపెట్టింది ఆ తైవ్యార్క్‌లోనే. షేక్‌స్పియర్ లేడీ మక్‌బెత్ పాత్రని ఐరిష్‌లో వేసింది. పక్కన చదువు కూడా వదల్లేదు, భాషల్లో డిగ్రీ ఫస్ట్ క్లాస్‌లో పాసైంది.

1944లో డబ్లిన్‌లోని అబ్బే థియేటర్‌లో చేరింది. అప్పుడు ఆ థియేటర్‌ని నడిపే ఎర్నెస్ట్ బ్లైత్‌కి ఐరిష్ వచ్చిన నటులంటే మక్కువ. అంటే మాతృభాష వస్తే ఉద్యోగం వచ్చే చోటు! అక్కడే తనతో నటించే డెనిస్ ఓడీని 1946లో పెళ్ళి చేసుకుంది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు డొనాకా 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఈత కొట్టాడు, తర్వాత ప్రొఫెషనల్ పోకర్ ప్లేయర్ అయ్యాడు. నాకు ఈ కుటుంబం చాలా నచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. బెర్నార్డ్ షా రాసిన సెయింట్ జోన్ నాటకం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఫ్రాన్స్‌లో పదిహేనో శతాబ్దపు పల్లెటూరి అమ్మాయి, చదువు లేదు, సైన్యాన్ని నడిపించింది, చివరికి మతం పేరు చెప్పి కాల్చేశారు. షా ఐర్లాండ్‌వాడే అయినా రాసింది ఇంగ్లీషులో. షివాన్ 1950లో ఆ నాటకాన్ని మొత్తం తనే ఐరిష్‌లోకి తెచ్చి, తైవ్యార్క్‌లో తనే జోన్‌గా నటించింది. ఆ తర్జుమా పేరు సాన్ షివాన్. అవును, షివాన్ అంటే ఐరిష్‌లో జోన్ అనే. వేరే భాషలోంచి తెచ్చుకున్న పాత్రకి తన భాషలో ఉన్న పేరు తన పేరే.

అప్పటికి ఆవిడ ఇంగ్లీషు సినిమాల్లో నటిస్తోంది. లండన్ దారి తెలుసు. గాల్వేలో ఒక చిన్న హాలులో, ఆ భాష వచ్చిన కొద్దిమంది ముందు వేయడానికి అంత పెద్ద నాటకం కూర్చుని అనువదించాల్సిన అవసరం ఏముంది? కెరీర్ పరంగా చూస్తే టైమ్ వేస్ట్. నేనైతే అదే అనేదాన్ని. చెప్పాలంటే నేను అలాంటి లెక్కే వేసుకున్నాను. టెన్త్ దాకా ఇంగ్లీషు మీడియం, ఇంటర్‌లో మార్కులు ఎక్కువ వస్తాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాను. వందకి తొంభై తొమ్మిది వచ్చాయి. సంస్కృతంలో ఒక వాక్యం సొంతంగా చెప్పలేను. తెలుగులో ఒక పేజీ రాయాలంటే నాలుగుసార్లు ఆగుతాను. ఇది కూడా అలాగే రాస్తున్నాను.

కానీ షివాన్ విషయంలో ఆ టైమ్ వేస్ట్ ఏం చేసిందో చూడండి. 1953లో డబ్లిన్ గేట్ థియేటర్‌లో అదే జోన్‌ని ఇంగ్లీషులో వేసింది, హిల్టన్ ఎడ్వర్డ్స్ డైరెక్షన్‌లో. ఇంగ్లీషులో వేసినా జోన్ నోట్లో పడమటి ఐర్లాండ్ యాస అలాగే ఉంచింది. అంతకుముందు జోన్‌ని ఆడిన వాళ్ళలో చాలామంది ఆమెని ముందే సెయింట్ అయిపోయినదానిలా ఆడారట. షివాన్ జోన్ మాత్రం పేడ ఎత్తిన చేతులతో వచ్చిన రైతు పిల్ల. నా ఉద్దేశంలో ఇది ఇంగ్లీషులో రిహార్సల్ చేస్తే వచ్చేది కాదు. ఆ పాత్రని ముందు కానెమారా మాటల్లో విన్నది కాబట్టి, ఇంగ్లీషు వాక్యాల కింద ఆ మాటలే నడుస్తున్నాయి.

తర్వాత అంతా చాలా స్పీడుగా జరిగింది. 1954లో లండన్. 1955లో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక ఇచ్చే ఉత్తమ నటి అవార్డు. అదే ఏడు చివర్లో ద చాక్ గార్డెన్ నాటకంతో న్యూయార్క్ బ్రాడ్‌వే, దానికి టోనీ నామినేషన్. 1956 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో మళ్ళీ జోన్, అదే వారం లైఫ్ మ్యాగజైన్ కవర్ మీద ఆవిడ ఫొటో. 1957లో ఒక ప్రయోగ నాటకంలో హామ్లెట్ కూడా వేసింది. ఒఫీలియా కాదు, హామ్లెట్టే.

అమెరికాలో ఉండగానే టీవీ ఆవిడని పట్టుకుంది. ఆ రోజుల్లో అక్కడి టీవీ నాటకాలు ఎక్కువగా లైవ్. డైలాగ్ తప్పితే కట్ చేసి మళ్ళీ తీయడం ఉండదు, దేశమంతా చూస్తూ ఉంటుంది. స్టేజి మీద పెరిగినవాళ్ళకి అది అలవాటైన పనే. 1956లో ద లెటర్ అనే టీవీ నాటకంలో ఈవిడే హీరోయిన్. డైరెక్టర్ విలియం వైలర్. ఇదే కథని ఆయన 1940లో బెట్ డేవిస్‌తో సినిమాగా తీశాడు. పదహారేళ్ళ తర్వాత అదే పాత్ర మళ్ళీ చేయించడానికి ఈవిడని తీసుకున్నాడంటే ఆలోచించండి. ఇంకో సంగతి, అప్పటికి డబ్లిన్‌లో సొంత టీవీ స్టేషనే లేదు. ఐర్లాండ్ జాతీయ టీవీ మొదలైంది 1961 డిసెంబర్ 31 రాత్రి.

అదే టీవీతో ఆవిడకి ఒక పెద్ద గొడవ కూడా వచ్చింది. ఎడ్వర్డ్ మరో అనే అమెరికన్ జర్నలిస్టు స్మాల్ వరల్డ్ అని ఒక ప్రోగ్రామ్ చేసేవాడు. తలో చోట ఉన్న మనుషుల్ని లైన్‌లో కలిపి మాట్లాడిస్తూ, ఎవరి దగ్గర వాళ్ళని కెమెరాతో తీసి, తర్వాత ఎడిట్ చేసి వేసేవాళ్ళు. 1959లో గూగుల్ మీట్ అనుకోండి. ఒకసారి నోయెల్ కవర్డ్, జేమ్స్ థర్బర్‌లతో పాటు షివాన్‌ని పిలిచారు. అప్పుడు ఐఆర్ఏ సరిహద్దులో దాడులు చేస్తున్న సమయం. ఆ సంస్థ కుర్రాళ్ళ గురించి మాట వస్తే, వాళ్ళు ఆదర్శవాదులని ఆవిడ అంది. దాంతో ఉత్తర ఐర్లాండ్ ప్రభుత్వం మండిపడింది. ఆ ప్రోగ్రామ్ రెండో భాగాన్ని అక్కడ బీబీసీ వేయకుండా ఆపేసింది. అంటే ఆవిడ పుట్టిన ఊళ్ళోనే ఆవిడ మాట వినపడకుండా పోయింది. ఆ కుర్రాళ్ళ చేతిలో ఉన్నవి నిజం తుపాకులు. కాబట్టి ఆవిడ అన్నది నాకు పూర్తిగా మింగుడుపడలేదు. అలాగని మాట్లాడినదాన్ని ఆపేయడం కూడా మింగుడుపడలేదు. దీన్ని వదిలేసి రాస్తే ఆవిడ గురించి సగమే రాసినట్టు అనిపించింది.

సినిమాలు ఆవిడని సరిగా వాడుకోలేదనే చెప్పాలి. 1961లో కింగ్ ఆఫ్ కింగ్స్‌లో ఏసు తల్లి మరియ పాత్ర ఇచ్చారు. ఏసుగా వేసిన జెఫ్రీ హంటర్ ఆవిడకన్నా మూడేళ్ళే చిన్న! 1962లో ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్ సినిమాలో పెగీన్ అనే పల్లెటూరి పడుచు పాత్ర. స్టేజి మీద ఆవిడకి పేరు తెచ్చిన పాత్రే, కానీ దగ్గరగా పెట్టిన కెమెరా వయసుని దాచలేదు. కళ్ళు మూసుకుని వింటే మాత్రం ఇంకెవరూ పనికిరారు. తర్వాత 1965లో నేను చూసిన జివాగో. 1970లో ఐర్లాండ్ రచయితలు సృష్టించిన ఆడవాళ్ళ పాత్రలన్నీ ఒక్కతే ఆడే షో ఒకటి తయారుచేసి ఊరూరా తిరిగింది. 1975లో ఐర్లాండ్ రాష్ట్రపతి తన సలహా మండలిలో ఆవిడని వేసుకున్నాడు. 1978లో భర్త పోయాడు.

ఇదంతా చదివి ఆవిడని ఐరిష్ భాషని కాపాడిన వీరనారి అనుకోకండి. ప్రపంచానికి తెలిసిన ఆవిడ పనంతా ఇంగ్లీషులోనే. ఆ విషయం దాస్తే అబద్ధం అవుతుంది. ఆవిడ ఒక భాష కోసం ఇంకోదాన్ని వదులుకోలేదు, అంతే.

1985 డిసెంబర్‌లో మళ్ళీ గాల్వే. డ్రూయిడ్ అనే నాటక సంస్థ టామ్ మర్ఫీ రాసిన బాల్యగన్‌గారె నాటకం వేసింది. డైరెక్టర్ గారీ హైన్స్. పేరు ఐరిష్, నవ్వు లేని ఊరు అని అర్థం. నాటకం ఇంగ్లీషులోనే, కానీ ఆ ఇంగ్లీషు నిండా ఐరిష్ పలుకుబడే. మతి తప్పిన ఒక ముసలమ్మ మంచంలో కూర్చుని ఒకే కథ రోజూ మొదలుపెడుతుంది, ఎప్పుడూ పూర్తి చేయదు. ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందనే కథ. ఇంట్లో ఉన్న మనవరాలు ఈ రాత్రికి ఎలాగైనా కథ చివరిదాకా చెప్పించాలని పట్టుబడుతుంది. ఆ ముసలమ్మగా వేసింది షివాన్. గంటల తరబడి గొంతొక్కటే పని చేయాల్సిన పాత్ర. మరుసటి ఏడు మొదట్లో అదే నాటకం లండన్‌లో కూడా వేశారు. స్టేజి మీద ఆవిడ చివరి పాత్ర అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆపరేషన్ జరిగాక 1986 నవంబర్ 16న డబ్లిన్‌లో చనిపోయింది. 63 ఏళ్ళు. గాల్వేలోని రహూన్ శ్మశానంలో సమాధి చేశారు.

ఇది రాయడానికి సెయింట్ జోన్ చదువుతూ మొదటి సీన్‌ని తెలుగులో పెట్టి చూద్దామనిపించింది. షివాన్ నాటకం మొత్తం చేసిందిగా, నేను ఒక్క పేజీ. సీన్ మొదలవడమే ఒక కోట అధికారి గుడ్లు లేవని అరవడం, కోళ్ళు పెట్టడం లేదని నౌకరు మొత్తుకోవడం. ఈజీగా ఉంది కదా అనుకున్నాను. కోళ్ళు పెట్టడం లేదు అనడానికి ఊళ్ళల్లో ఎలా అంటారో మా అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను. పెట్టడం మానేశాయా, లేక పొదుగుకొచ్చాయా అని ఎదురు అడిగింది. రెండూ వేరని నాకు తెలీదు. ఎవరి కోళ్ళు అని కూడా అడిగింది. ఫ్రాన్స్‌లో అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

అక్కడ దాటాను గానీ జోన్ రాగానే ఆగిపోయాను. ఇంగ్లీషులో ఆ పిల్ల అధికారితోనైనా, రాజు కాబోయేవాడితోనైనా ఒకేలా చనువుగా మాట్లాడుతుంది. రాజకుమారుణ్ణి ముద్దుపేరు పెట్టి పిలుస్తుంది. తెలుగులో ఆమె మీరు అనాలా, నువ్వు అనాలా? అండీ పెడితే జోన్ జోన్‌లా లేదు. తీసేస్తే పొగరుబోతులా ఉంది. వాళ్ళ ఊళ్ళో రైతు పిల్లలు కరణంతో, మునసబుతో ఎలా మాట్లాడేవాళ్ళో అమ్మమ్మని అడగాలి. ప్రస్తుతానికి నువ్వు అనే పెట్టాను.