ప్రమాణం చేయనన్న పార్లమెంటు సభ్యుడు



మీరు ఎన్నికల్లో గెలిచారు. కానీ సభలో కూర్చోవాలంటే దివ్యబలిపూజ విగ్రహారాధన అని ముందుగా ప్రకటించాలన్నారు. మీరైతే ఏం చేస్తారు? 1828లో ఐర్లండు కతోలికుడు డేనియల్ ఓకానెల్ ఎదుట నిలిచిన ప్రశ్న ఇదే.

ఆయన 1775 ఆగస్టు 6న కెర్రీ కౌంటీలో జన్మించారు. ఫ్రాన్సులో చదువుతుండగా అక్కడ విప్లవం చెలరేగింది. 1793లో ఆ దేశం విడిచి వచ్చిన ఆయనకు రక్తపాతంతో సాధించే హక్కులపై విరక్తి కలిగింది. 1798లో న్యాయవాది అయ్యారు. ఎంత పేరు తెచ్చుకున్నా, కతోలికుడు కనుక పై పదవులకూ పార్లమెంటుకూ దారి లేదు.

ఆయనలో లోపాలు లేవనుకోకండి. మాట చాలా పదును. ఆయన విమర్శకు కోపించిన డెస్టెర్ 1815లో ద్వంద్వయుద్ధానికి పిలవగా, వెళ్ళి కాల్చారు. డెస్టెర్ మరణించాడు. ఓకానెల్ జీవితాంతం పశ్చాత్తాపపడ్డారు. మృతుని కుమార్తెకు ఏటా భృతి ఇచ్చారు. ఆ చేతికి నల్లని తొడుగు ధరించి సత్ప్రసాదం స్వీకరించేవారని చెబుతారు.

1823లో కతోలిక సంఘం స్థాపించారు. మరుసటి ఏడు నెలకు ఒక్క పెన్నీ చందా పెట్టారు. విచారణ గురువులు వసూలుకు తోడ్పడ్డారు. పేద కౌలుదారు కూడా ఆ పెన్నీతో సంఘంలో మనిషయ్యాడు. 1828 క్లేర్ ఉపఎన్నికలో ఆ కౌలుదారులే భూస్వాములను ధిక్కరించి ఆయనకు 2,057 ఓట్లు వేశారు. ప్రత్యర్థికి వచ్చినవి 982. అంతర్యుద్ధం వస్తుందని ప్రభుత్వం భయపడింది. 1829 ఏప్రిల్ 13న కతోలికుల విమోచన చట్టానికి రాజు ఆమోదం లభించింది.

కానీ ఓటు హక్కుకు కావలసిన ఆస్తి విలువను 40 షిల్లింగుల నుండి 10 పౌన్లకు పెంచారు. గెలిపించిన పేదలే ఓటు కోల్పోయారు. ఓకానెల్ దాన్ని ఆపలేకపోయారు. ఆ విమర్శ ఆయనను వదలలేదు.

చట్టానికి ముందే ఎన్నికయ్యారు కాబట్టి పాత ప్రమాణమే చేయాలని సభ పట్టుబట్టింది. ఆయన నిరాకరించారు. స్థానం పోయింది. క్లేర్ ప్రజలు పోటీ లేకుండా మళ్ళీ ఎన్నుకున్నారు. 1830లో సభలో కూర్చున్నారు. తన ప్రజల కోసమే కాక, బానిసల విముక్తికీ యూదుల హక్కులకూ వాదించారు.

బ్రిటన్‌తో ఐక్యత రద్దు కావాలని 1843లో బ్రహ్మాండమైన సభలు జరిపారు. క్లాంటార్ఫ్ సభను ప్రభుత్వం నిషేధించగా, జనం ప్రాణాలు పోతాయని దాన్ని మానుకున్నారు. యువకులలో చాలామందికి అది నచ్చలేదు. అయినా 1844లో జైలు తప్పలేదు. 1847 ఫిబ్రవరిలో, కరువుతో చస్తున్న తన ప్రజలను ఆదుకోమని నీరసించిన గొంతుతో సభను వేడుకున్నారు. రోముకు వెళ్తూ మే 15న జెనోవాలో కన్నుమూశారు. ఆయన కోరినట్లే గుండెను రోముకూ, దేహాన్ని ఐర్లండుకూ చేర్చారు.

పాఠకులారా, మనకు ఆ ప్రమాణం లేదు. ఓటుందీ, సంఘముందీ, గొంతుందీ. మన హక్కు కోసం లేచే ఆ గొంతు పొరుగువాడి హక్కు కోసం కూడా లేస్తున్నదా?