ధ్వనిని నిలిపిన ఎడిసన్

థామస్ ఆల్వా ఎడిసన్ 1847లో అమెరికాలో జన్మించెను. బాల్యముననే ఆయన వినికిడి మందగించెను. అయినను 1877లో గొట్టముపై చుట్టిన తగరపు రేకుపై సూదిచే ధ్వనిని గీయించి, మరల పలికించెను. ఫోనోగ్రాఫు పెట్టెను పంటితో కఱచి పట్టి, ఎముకల ద్వారా సంగీతము నాలకించెడివాడు.

మానవకర్ణము సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వఱకు వినగలదు. నాటి బూర రమారమి 250 మొదలు 2,500 వఱకే గ్రహించెడిది. సన్నని స్వరములు మఱుగయ్యెడివి. 1925లో మైక్రోఫోను ఈ హద్దును విస్తరింపజేసినను, ఎడిసన్ సంస్థ 1927 వఱకు దానిని చేపట్టలేదు. 1929లో రికార్డుల తయారీ ఆగెను. 1931లో ఆయన గతించెను.

1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, అంకెలుగా నిలుపును. అందు సగమునకు లోపలి కంపనములు, అనగా చెవి వినగలవన్నియు, దక్కును. ఈ బాటకు తొలి అడుగు వేసినవాడు చెవులు సరిగా వినబడని ఎడిసనే.