రాగిరేకుపై వాన: రెంబ్రాంట్

వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో, గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్క అదిమి రంగు పట్టించే పనివారిని చూచినపుడెల్ల మాకు హాలెండు దేశపు రెంబ్రాంట్ జ్ఞప్తికి వస్తాడు. ఇక్కడ లక్క కొయ్యను కప్పుతుంది; అక్కడ మైనము, గుగ్గిలము కలిసిన పూత రాగిరేకును ఆమ్లం నుండి కాపాడుతుంది. సూదితో పూతను గీచిన చోటనే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడికాగితం పరచి ఒత్తితే చిత్రం తిరగబడి అచ్చుపడుతుంది.

రెంబ్రాంట్ 1606లో లైడెన్ పట్టణాన ఒక మరయజమాని ఇంట జన్మించాడు. యౌవనంలోనే ఆంస్టర్‌డాం చేరి పేరు గడించాడు. 1634లో సాస్కియాను వివాహమాడాడు. ధనము వచ్చింది గాని, బిడ్డలు ముగ్గురు పసికందులుగానే పోయారు. నాలుగవవాడు టైటస్‌కు ఏడాది నిండకముందే, 1642లో, తల్లి కన్నుమూసింది.

మరుసటి యేడు, 1643లో, చెక్కినదే ‘మూడు చెట్లు’. మూరెడైనా లేని రేకు! కుడివైపు మిట్టపై చెట్లు నల్లగా నిలిచాయి; ఎడమ మూల వాన ఏటవాలు గీతలై దిగుతున్నది. దగ్గరి గీతలు లోతుగా, దట్టంగా ఉండి సిరాను నిండుగా పట్టుకొంటాయి. దూరపు పొలాలు, వాటి ఆవలి పట్టణము వెంట్రుకవంటి గీతలలో తేలిపోతాయి. చదునైన కాగితంపై కోసుల దూరం తోచడం చాలవరకు ఈ తేడా వల్లనే. మరి మనుష్యులో? వెదకవలసిందే. నీటి ఒడ్డున గాలం వేసేవాడు, ప్రక్కన ఒక స్త్రీ, పొదలో దాగిన ప్రేమికులు, మిట్టపై జనంతో నిండిన బండి. అల్లంత దూరాన, ఈ వానను విడిచి మరేదో చూస్తూ బొమ్మ గీసుకొనే ఒక చిత్రకారుడు. ఆకాశం వారిని లెక్కచేయలేదు; వారూ తమ పని మానలేదు. ఆ చెట్లలో మూడు శిలువలను చూచిన విమర్శకులున్నారు. భార్యావియోగమే ఆ మేఘాలను గీయించిందనడమూ సులభమే. మాకు మాత్రం ఆ గాలం వేసేవాడే ముఖ్యుడు.

1656లో రెంబ్రాంట్ దివాలా తీశాడు. సేకరించిన కళాఖండాలు, తరువాత ఇల్లు వేలమైనాయి. ఇంచుమించు ఆ రోజులలోనే ఆయన జహంగీరు, షాజహానుల కాలపు మొగలు చిత్రాలను జపాను కాగితంపై ప్రతులు గీచుకొన్నాడు. ఇరవైకి పైగా నేటికీ ఉన్నాయి. డచ్చి వర్తకులు మన మచిలీపట్నంలో వ్యాపారం సాగించిన కాలమది.

1668లో టైటస్ మరణించాడు. మరుసటి యేడు అక్టోబరు 4న తండ్రి. వెస్టర్ చర్చిలో అద్దె సమాధిలో, పేరైనా చెక్కకుండా పూడ్చారు. ఆయన చెక్కిన రాగిరేకులు మాత్రం సుమారు ఎనభై మిగిలాయి.