ఒంటిచేత్తో వ్యాపారం నిలిపిన ఎలకుర్రు పంతులు గారు

పామర్రు: తలనొప్పి వస్తే గూట్లోంచి చిన్న సీసా తీసి, పసుపుపచ్చని మందు నుదుటికి రాసుకోవటం మన పల్లెల్లో తాతల నాటి అలవాటు. సీసా మీది అక్షరాలు చదవలేని వారికి కూడా అమృతాంజనం పేరు తెలుసు. ఆ మందును ప్రజల్లోకి తెచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు కృష్ణాజిల్లా వారే. పామర్రు మండలంలోని ఎలకుర్రు ఆయన స్వగ్రామం. దేశోద్ధారకుడుగా, విశ్వదాతగా ఆయనను అందరూ ఎరుగుదురు. అయితే ఆ బిరుదులన్నిటి వెనుక ఒక వ్యాపారి ఉన్నాడన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోతుంటారు. అండగా నిలిచే సంస్థ లేకుండా, అదిలించే యజమాని లేకుండా, పరాయి ఊళ్లో వ్యాపారం మొదలుపెట్టి, దానిని దశాబ్దాల తరబడి చెదరకుండా నడిపిన తీరు నేటి చిన్న వ్యాపారులు, స్వయం ఉపాధి పొందుతున్న యువకులు తెలుసుకోదగినది.

ఉద్యోగం కాదని వ్యాపారంలోకి

పంతులు గారు 1867లో జన్మించారు. తండ్రి బుచ్చయ్య గారు, తల్లి శ్యామలాంబ గారు. మచిలీపట్నంలో చదివిన పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో బి.ఎ. ప్యాసయిన వారిని ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంత చదువు చదివిన వానికి సర్కారు ఉద్యోగం దొరకటం కష్టం కాదు. నెల తిరిగేసరికి జీతం, ఊళ్లో గౌరవం, చివర్లో పింఛను ఉండేవి. కాని నాగేశ్వరరావు గారి మనసు వ్యాపారం మీద ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారి రచనల ప్రభావం కూడా విద్యార్థి దశలోనే ఆయన మీద పడింది. నలుగురూ నడిచే దారి కాదని, తనకు సరి అనిపించిన దారి పట్టటానికి ఆ ప్రభావం తోడ్పడి ఉండాలి.

అలాగని చదువు ముగియగానే దుకాణం తెరవలేదు. కలకత్తా వెళ్లి కొంతకాలం ఉన్నారు. తరువాత బొంబాయి చేరి అక్కడి విలియం అండ్ కంపెనీలో పనిచేశారు. సరుకు ఎక్కడ నుంచి వస్తుంది, ఎవరికి చేరుతుంది, లెక్క ఎలా రాయాలి, అప్పు ఎంతవరకు ఇవ్వవచ్చు అన్నవి పనిచేసిన చోటనే బోధపడతాయి. పనివాడుగా నేర్చుకున్న పాఠం యజమాని అయ్యాక అక్కరకు వస్తుంది. చేతిలో పైకం లేనివాడు పెట్టగల మొదటి పెట్టుబడి ఇదే.

పది అణాల మందు

1893లో పంతులు గారు అమృతాంజనం వ్యాపారం ఆరంభించారు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్లు. చోటు బొంబాయి. చుట్టూ మాట్లాడేది మరాఠీ, గుజరాతీ. అక్కడి బజారులో తరతరాలుగా పాతుకుపోయిన పెద్ద వర్తకుల నడుమ, తెలుగు దేశం నుంచి వచ్చిన కుర్రవాడు కొత్త మందు పట్టుకుని నిలబడ్డాడు. మందు వెల 10 అణాలు. రూపాయికి 16 అణాలు చెల్లే రోజులవి. కూలివానికి 10 అణాలంటే తక్కువ సొమ్ము కాదు. పేరు తెలియని మందుకు అంత సొమ్ము ఎవరు పెడతారు? కొత్తగా కొట్టు పెట్టిన ప్రతివానికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది.

పంతులు గారు దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా తేలికైనది. సంగీత కచేరీలు జరిగే చోట మందును ఉచితంగా పంచిపెట్టారు. కచేరీకి జనం వందల సంఖ్యలో వస్తారు, గంటల తరబడి కూర్చుంటారు. అంతసేపు కూర్చున్న వారిలో తల దిమ్మెక్కేవారు, నొప్పి పుట్టేవారు ఉండనే ఉంటారు. మందు రాసుకున్న వానికి గుణం అక్కడికక్కడే తెలుస్తుంది. తెలిసిన తరువాత ఎవరూ చెప్పనక్కరలేదు, వాడే కొట్టుకు వెళ్లి పేరు చెప్పి అడుగుతాడు. ఇంటికి తీసుకువెళ్లిన సీసాను ఇరుగుపొరుగు వారూ చూస్తారు.

వినటానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని డబ్బు రాని పనిని పదేపదే చేయటానికి గుండె నిబ్బరం కావాలి. పంచిన మందుకు ఆ రోజు పైసా రాదు. రేపు వస్తుందన్న హామీ కూడా ఇచ్చేవారు ఉండరు. అమ్మకం లేని రోజున కొట్టు కట్టివేయాలని అనిపించటం, నాలుగు నెలలు కాగానే వేరే సరుకు మీదికి మనసు పోవటం ఒంటరి వ్యాపారికి సహజం. పంతులు గారు అలా దారులు మార్చలేదు. పట్టుకున్న మందునే పట్టుకుని ఉన్నారు. 1893లో ఆరంభించిన ఆ వ్యాపారం 1936లో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. అంటే 43 ఏళ్లపాటు దాని మంచిచెడ్డల భారం ఆయన భుజాల మీదనే ఉన్నదన్నమాట.

గల్లాపెట్టె దాటిన ఆశయం

ఇన్నేళ్లు ఉత్సాహం చెదరకుండా ఎలా ఉండగలిగారు? దీనికి జవాబు ఆయన లాభాన్ని ఖర్చు పెట్టిన తీరులోనే కనిపిస్తుంది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు సభ దేశమంతటా సంచలనం కలిగించింది. తెలుగువారికి తమ భాషలో గట్టి పత్రిక ఉండాలని పంతులు గారు తలచారు. మరుసటి ఏడు, అంటే 1908లో, బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికను వెలువరించారు. తెలుగు అచ్చు అక్షరాలు, తెలుగు చదివిన పనివారు దొరకటమే కష్టమైన ఊరు అది. అయినా పత్రిక ఆగలేదు. 1914లో మద్రాసుకు తరలి, ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడసాగింది. 1924లో సాహిత్య మాసపత్రిక భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలయ్యాయి.

వీటికి కావలసిన ధనాన్ని సమకూర్చిపెట్టింది ముఖ్యంగా ఆ పది అణాల మందే. ఊరూరా అమ్ముడైన సీసాల పైకం కాగితంగా, సిరాగా, పనివారి జీతంగా మారింది. మందు అమ్మకం తగ్గితే పత్రికకు చిక్కు వస్తుంది. పత్రికకు చిక్కు వస్తే జాతికి చెప్పవలసిన మాట ఆగిపోతుంది. ఈ లంకె తెలిసిన మనిషి దుకాణాన్ని ఎలా అశ్రద్ధ చేయగలడు? తన కడుపు కోసమే అయితే ఒక పూట బద్ధకించవచ్చు. పదిమంది కోసం అనుకున్నప్పుడు ఆ వీలు ఉండదు. దినపత్రిక సంగతి మరీ కఠినం. ఒంట్లో బాగున్నా లేకున్నా, మనసు కుదిరినా కుదరకున్నా తెల్లవారేసరికి అది పాఠకుని గుమ్మంలో ఉండాలి. కోరి అటువంటి కాడిని మెడకెత్తుకున్నవారు పంతులు గారు.

దానధర్మాలకు కూడా ఆయన పెట్టింది పేరు. గ్రంథాలయాలకు, కవి పండితులకు, జాతీయోద్యమానికి చేయూతనిచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిని తిరిగి చేపట్టారు. ఇచ్చే చేయి పెద్దదైతే వ్యాపారం మునుగుతుందని లోకులు అనుకోవటం కద్దు. పంతులు గారి విషయంలో దానమూ సాగింది, దుకాణమూ నిలిచింది. దానం చేయటానికైనా ముందు దుకాణం నిలవాలి కదా.

జైలులోనూ పని

పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత కూడా పంతులు గారు సుఖంగా కూర్చోలేదు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారానికి వెళ్లారు. అక్కడ ఉన్న కాలాన్ని కూడా వృథా పోనీయక భగవద్గీతకు వ్యాఖ్య రచించారు. అరవై దాటిన మనిషికి జైలు గదిలో పని చెప్పేవారెవరు? తన పనిని తానే ఏర్పరచుకోవటం ఆయనకు బొంబాయి రోజుల నాటి నుంచి వచ్చిన అలవాటు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై ఒడంబడిక చేసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరు మీదనే అది శ్రీబాగ్ ఒడంబడికగా చరిత్రకెక్కింది. తరువాత ఆరు నెలలైనా తిరగకుండానే, 1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. 1953లో అవతరించిన ఆంధ్ర రాష్ట్రాన్ని ఆయన కళ్లారా చూడలేదు.

మిగిలినది

పంతులు గారి అనంతరం అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల బాధ్యత, వ్యాపార బాధ్యత స్వీకరించి నడిపారు. తెలుగువారికి దశాబ్దాలపాటు సేవ చేసిన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం మాత్రం నేటికీ పల్లె కొట్లలో దొరుకుతోంది.

నేడు జిల్లాలో టైలరింగు మిషను పెట్టుకున్నవారు, సైకిలు షాపు నడిపేవారు, పచ్చళ్లు చేసి అమ్మే మహిళలు ఎందరో ఉన్నారు. వీరిలో చాలామందికి తోడు ఎవరూ లేరు. పొద్దున్నే కొట్టు తెరవకపోతే అడిగేవారు లేరు, తెరిచితే మెచ్చుకునేవారూ లేరు. ఎలకుర్రు నుంచి బయలుదేరి బొంబాయి బజారులో ఒక్కడై నిలిచిన పంతులు గారిదీ మొదట ఇదే పరిస్థితి. నేర్చుకున్న తరువాతనే దిగారు, దిగిన తరువాత మారలేదు, వచ్చిన లాభాన్ని తన ఒక్కడిదిగా చూడలేదు. గూట్లోని ఆ చిన్న సీసా ఈసారి చేతికి వచ్చినప్పుడు, తలనొప్పితో పాటు ఈ సంగతి కూడా గుర్తుకు వస్తే మేలు.